కేజన్ అత్తవారింటికి క్రిస్మస్ కార్డు వేయాలంటే ఐడియా ఎక్కడ దొరుకుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీవారిది అమెరికాలోని దక్షిణ లూసియానాలో ఫ్రెంచి మూలాలున్న కేజన్ కుటుంబం. పెళ్లయ్యాక ఇదే మొదటి క్రిస్మస్. అటువైపు బంధువుల ఇళ్లు నలభై దాకా ఉన్నాయి, అందరికీ మీ చేత్తో వేసిన కార్డులు పంపాలని ఉంది. నెట్‌లో వెతికితే శాంటా టోపీ పెట్టుకున్న మొసలి, ఎర్రటి క్రాఫిష్ (రొయ్యలాంటి మంచినీటి జీవి), ఊదా-ఆకుపచ్చ-బంగారు రంగులు తప్ప ఏమీ దొరకలేదు. వాళ్ల సంస్కృతిలోంచి, ఇంటి అలవాట్లలోంచి బొమ్మకు ఐడియా ఎలా పట్టుకోవాలి, అందులో మన ముగ్గు కలిపితే ఎబ్బెట్టుగా ఉంటుందా అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. గుర్తుల కోసం వెతకడం ఆపి, పనుల గురించి అడగండి. పండగ ముందు వారం ఆ ఇంట్లో ఎవరు ఏం చేస్తారు, ఏ గిన్నెలో చేస్తారు, ఎక్కడ నిలబడి చేస్తారు? అందులోంచి ఒకే ఒక్క వస్తువు తీసుకుని దాన్నే కార్డు నిండా వేయండి. ముగ్గు సంగతి చివర్లో చెప్తాను, అక్కడ నేను ఒకసారి దెబ్బతిన్నాను.

మేం దక్షిణ లూసియానాలోని లాఫయెట్‌లో పదహారేళ్లుగా ఉంటున్నాం. మా అమ్మమ్మగారిది పెడన. కలంకారీ అచ్చులు గుడ్డ మీద పడే చప్పుడు వింటూ సెలవులు గడిపినదాన్ని, అందుకేనేమో ఇక్కడికొచ్చాక లైనో అచ్చు (మెత్తటి లైనోలియం పలకను చెక్కి వేసేది) పట్టుకున్నాను. పన్నెండేళ్లుగా ప్రతి డిసెంబరుకీ పండగ కార్డులు చేసి ఇక్కడి సంతల్లో అమ్ముతున్నాను.

మొదటి ఏడాది నేను చేసింది కూడా మొసలే. పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు కొన్నారు, ఊరివాళ్లు చూసి నవ్వి వెళ్లిపోయారు. మా పక్కింటి పెద్దావిడకు ఒకటి ఇచ్చాను. ఎనభై దాటాయి ఆవిడకి, వీధిలో అందరూ మామా అనే పిలుస్తారు. ఇక్కడ నాయనమ్మనీ అమ్మమ్మనీ అలా అంటారు, మొదట్లో ఆవిణ్ణి అలా పిలవాలంటే నాకు నోరు తిరిగేది కాదు. ఆవిడ కార్డు అటూ ఇటూ తిప్పి, "మొసలి మా ఇంటికి క్రిస్మస్‌కి ఎప్పుడూ రాలేదమ్మా. వచ్చుంటే వండుకునేవాళ్లం" అంది.

తర్వాతి ఏడాది డిసెంబరు 23న ఆవిడ వంటింట్లో కూర్చున్నాను. గంబో అంటే తెలుసు కదా, అన్నంలో పోసుకునే చిక్కటి పులుసు. దానికి పునాది 'రూ' అనే వేయించిన పిండి ముద్ద. నూనె, మైదా సమానంగా వేసి, పోత ఇనుప గిన్నెలో సన్నటి మంట మీద కలుపుతూనే ఉండాలి. ముందు తెల్లగా ఉంటుంది, కాసేపటికి వేరుశెనగ ముద్ద రంగు, తర్వాత కొత్త ఇటుక రంగు, చివరికి చాక్లెట్ రంగు. ముప్పావు గంట పట్టింది. ఫోన్ మోగినా ఆవిడ తియ్యలేదు. ఒక్క నల్లచుక్క కనబడితే మొత్తం పారబోసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. రంగు కుదిరిందని అనిపించిన క్షణంలో తరిగిన ఉల్లిపాయ, కాప్సికం, సెలరీ ఒక్కసారిగా గుమ్మరించింది. చుయ్యిమని లేచిన ఆ ఆవిరి వాసన మన పోపు వాసనకు మేనమామ కొడుకు లాంటిది.

నేను చూసింది మాత్రం తెడ్డును. యాభై ఏళ్ల నాటి చెక్క తెడ్డు. కొస గుండ్రంగా ఉండాల్సింది, ఎడమ పక్క ఏటవాలుగా అరిగిపోయి ఉంది. కుడిచేత్తో ఒకే వాటంగా కలిపీ కలిపీ గిన్నె అడుగు దాన్ని చెక్కేసింది. ఆ తెడ్డునే నిలువుగా, కార్డు అంచుల దాకా, గోధుమరంగు ఒక్కటే వాడి అచ్చు వేశాను. క్రిస్మస్ అలంకరణకు వాడే హాలీ ఆకు లేదు, గంట లేదు, నక్షత్రం లేదు. ఆ ఏడాది సంతలో ఒకాయన దాన్ని చూసి, "మా అమ్మది కూడా ఇలాగే ఒక పక్క అరిగింది" అని తొమ్మిది కార్డులు తీసుకెళ్లాడు. తెడ్డు కార్డు ఇప్పటికీ వేస్తున్నాను. మొసలి అచ్చు గరాజ్‌లో ఉంది.

కాబట్టి మీ అత్తగారికి ఫోన్ చేసినప్పుడు "మీ సంప్రదాయాలేమిటి?" అని అడగకండి. అలా అడిగితే ఎవరైనా పుస్తకంలో ఉన్నదే చెప్తారు. మనల్ని సంక్రాంతి గురించి అడిగితే రైతుల పండగ అని మొదలుపెట్టమూ? వస్తువు గురించి అడగండి. గంబో గిన్నె ఎవరిది, ఎవరి దగ్గర నుంచి వచ్చింది? పెకాన్ గింజలు ఎవరు ఒలుస్తారు, ఎక్కడ కూర్చుని? క్రిస్మస్ ముందురోజు రాత్రి చర్చి నుంచి వచ్చాక మొదట తినేదేమిటి? పిల్లల బల్ల ఎక్కడ వేస్తారు? ఇలాంటివి నాలుగు అడిగితే చాలు, ఐదోది వాళ్లే చెప్తారు.

అంతకన్నా ముందు వాళ్లు ఎటువైపు కేజన్లో కనుక్కోండి. యూనిస్, మమూ వైపు వాళ్లు మైదానం మనుషులు, వాళ్లకు వరి, పశువులు, గుర్రాలు. లాఫూర్ష్, టెర్రబోన్ వైపు వాళ్లు నీళ్ల మనుషులు, వాళ్లకు రొయ్యల పడవలు, వలలు, పిక్కల దాకా వచ్చే తెల్ల రబ్బరు బూట్లు. (ఆ బూట్ల జత గుమ్మం పక్కన వేస్తే, శాంటా కానుకల కోసం వేలాడదీసే మేజోళ్లకు బదులు అవే అని చూసేవాళ్లకు చెప్పక్కర్లేదు.) మిసిసిప్పీ గట్టున ఉన్నవాళ్లకు చెరకు. యూనిస్ ఇంటికి రొయ్యల పడవ వేసి పంపడం కోనసీమ ఇంటికి పత్తిచేను బొమ్మ పంపడం లాంటిది. తప్పని ఎవరూ అనరు, కానీ మీకు వాళ్లు తెలియదని తెలిసిపోతుంది.

అలాగే లూసియానా అంతా కేజన్ కాదు. ఊదా, ఆకుపచ్చ, బంగారు రంగులు న్యూ ఓర్లీన్స్ మార్డీ గ్రాస్‌వి, అంటే ఈస్టర్ ముందు ఉపవాసాలు మొదలయ్యేలోపు జరిగే వేడుకవి, అవి జనవరి 6న మొదలయ్యే సీజన్‌వి. నాకటోష్‌లో 1927 నుంచి జరుగుతున్న క్రిస్మస్ దీపాల పండగ చాలా అందంగా ఉంటుంది, కానీ ఆ ఊరు వాయవ్యాన ఉంది, అక్కడిది క్రియోల్ వాళ్ల (వలసపాలన కాలంలో ఫ్రెంచి, స్పానిష్, ఆఫ్రికన్ మూలాలు కలిసిన స్థానికుల) చరిత్ర. ఛాతీకి తగిలించుకుని వాయించే రేకు పలక జైడెకో సంగీతానిది, అంటే నల్లజాతి క్రియోల్ వాళ్లది. కేజన్ వాయిద్యం కావాలంటే అకార్డియన్, ఫిడేలు, 'తీ ఫేర్' అనే ఇనుప త్రికోణం. ఎండుగడ్డి పోగుచేసే పాత దంతె ఇనుప పళ్లను వంచి చేసేవాళ్లు దాన్ని. గీయడానికి సులువు, చెట్టుకు వేలాడదీస్తే ఆభరణంలా ఉంటుంది.

ఇంక మొసళ్ల సంగతి. శాంటా పడవను ఎనిమిది మొసళ్లు లాగడం తాతల నాటి కథ అని చాలామంది అనుకుంటారు. అది 1973లో అచ్చయిన ఒక పిల్లల పుస్తకంలోని బొమ్మ. జనానికి ఇష్టమే, కానీ అది ఒక రచయితదీ ఒక చిత్రకారుడిదీ, దాన్ని చూసి వేయకండి. క్రాఫిష్ అయితే రుచికి నాకూ ప్రాణమే. కానీ పచ్చిక మీద బల్ల వేసి ఉడికించుకు తినే అసలు సీజన్ వసంతకాలం, ఈస్టర్ ముందు నలభై రోజులు. డిసెంబరు కార్డు మీద ఉడికిన క్రాఫిష్ అంటే సంక్రాంతి కార్డు మీద మామిడిపండు.

మరి డిసెంబరులో ఏముంటుంది? చాలా ఉంది. సత్సుమా అనే వదులుతోలు కమలాలు పండి ఉంటాయి, ఇంటింటా బుట్టల్లో ఇస్తారు. పెకాన్లు రాలతాయి. చెరకు నరకడం ముగింపుకొస్తుంది. చెత్తాకు తగలబెట్టిన పొగ సాయంత్రం రోడ్డు మీద నిలిచి, గాలంతా బెల్లం వాసన వేస్తుంది. ఓక్ చెట్లు పచ్చగానే ఉంటాయి. సైప్రస్ మాత్రం సూదాకుల చెట్టయినా ఆకు రాలుస్తుంది, నవంబరులో తుప్పురంగుకి తిరిగి క్రిస్మస్ నాటికి మోడవుతుంది. కొమ్మల నుంచి వేలాడే బూడిదరంగు స్పానిష్ మాస్ నాచు కానే కాదు, అనాస కుటుంబానికి చెందిన మొక్క. మంచు మాత్రం వేయకండి. 2025 జనవరి 21న న్యూ ఓర్లీన్స్‌లో ఎనిమిది అంగుళాల మంచు పడితే జనం ఐస్ పెట్టెల మూతల మీద కూర్చుని జారారు, అంత అరుదు. ఇక్కడి చలికాలమంటే పొగమంచు. నీటిరంగులు వాడేటట్టయితే కాగితంలో సగం తెల్లగా వదిలేయండి, తుప్పురంగు, బూడిద, ఒక చుక్క కమలా రంగు చాలు. ఎరుపు-ఆకుపచ్చ లేకుండానే అది దక్షిణ లూసియానా క్రిస్మస్ అని వాళ్లు గుర్తుపడతారు.

నన్ను ఇక్కడ అన్నిటికన్నా కదిలించింది నది గట్టు మీద మంటలు. సెయింట్ జేమ్స్ పారిష్‌లో గ్రామర్సీ, లచ్చర్, పాలీనా అనే ఊళ్లున్నాయి. పారిష్ అంటే ఇక్కడ జిల్లా లాంటిది. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ అయిన దగ్గర్నుంచి అక్కడి కుటుంబాలు మిసిసిప్పీ కరకట్ట మీద కలపతో గోపురాలు కడతాయి. మధ్యలో నిట్రాట, దాని చుట్టూ నాలుగు పక్కలా దుంగలు పేర్చుకుంటూ పైకి సన్నబడేలా. పదిహేను అడుగులు మించకూడదని నిబంధన. క్రిస్మస్ ముందురోజు రాత్రి ఏడింటికి వరసగా అన్నిటికీ నిప్పు పెడతారు, పాపా నోఎల్‌కి, అంటే వాళ్ల శాంటాకి, దారి కనపడాలని. లోపల పెట్టిన రెల్లు కణుపులు టపాకాయల్లా పేలతాయి. వాకిళ్లలో గంబో గిన్నెలు పెట్టి తెలియనివాళ్లకి కూడా పోస్తారు. మొదటిసారి వెళ్లినప్పుడు మా అబ్బాయికి నాలుగేళ్లు. మంట చూసి "భోగి ముందే వచ్చేసిందా?" అన్నాడు.

బొమ్మ వేసేవాళ్లకు అక్కడ అసలు అందం నిప్పంటించకముందు ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి వెళ్తే ఎండలో పచ్చి దుంగల గోపురాలు మైళ్ల తరబడి వరసగా నిలబడి ఉంటాయి, పైన కూర్చున్న కుర్రాళ్లు చివరి కట్టెలు అందుకుంటూ ఉంటారు, కింద తాత కుర్చీ వేసుకుని తప్పులు చెబుతుంటాడు. నా దగ్గరున్న మంచి స్కెచ్‌లన్నీ ఆ గంటలో వేసినవే. మంట వేయాలనుకుంటే లైనో కన్నా మంచి పద్ధతి లేదు: పలకంతా నలుపుగా వదిలి, వెలుగు పడ్డచోటు మాత్రమే చెక్కి తీసేయాలి. మంటను చెక్కకండి, మంట వెలుగు తగిలిన ముఖాల అంచుల్ని చెక్కండి. అయితే మీ అత్తవారు మైదానం వైపు వాళ్లయితే ఈ మంటలు వాళ్లవి కావని గుర్తుపెట్టుకోండి.

ఇంటి వస్తువులోంచి పెద్ద బొమ్మ పుట్టగలదా అని అనుమానమొస్తే కేజన్ చిత్రకారుడు జార్జ్ రోడ్రిగ్‌ను చూడండి. న్యూ ఐబీరియాలో 1944లో పుట్టాడు, 2013లో పోయాడు. 1971లో వేసిన 'అయోలీ డిన్నర్' బొమ్మకు ఆధారం పాత ఫోటోలు, బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో వాళ్ల తాత కూడా ఉన్నాడు. ప్రపంచమంతా తెలిసిన ఆయన నీలికుక్క 1984లో, చిన్నప్పుడు వాళ్లమ్మ చెప్పిన లూ-గరూ అనే తోడేలు దెయ్యం కథలోంచి వచ్చింది, మోడల్ చనిపోయిన సొంత కుక్క ఫోటో. కుక్కను కాపీ కొట్టమని చెప్పడం లేదు, దయచేసి కొట్టకండి. ఆయన ఓక్ చెట్లు చూడండి. చెట్టు తలను ఫ్రేము పైఅంచు కోసేస్తుంది, ఆకాశం కొమ్మల కింద నుంచి కనిపిస్తుంది. ఇక్కడ నేల చదును, చెట్టు గొడుగు, మనిషి ఎప్పుడూ దాని కిందే ఉంటాడు కాబట్టి అలా వేశాడు. ఈ ఒక్క కిటుకు కార్డుకి పట్టుకొచ్చినా బొమ్మ మారిపోతుంది. మైదానం వాళ్లకైతే ఎలిమోర్ మోర్గన్ జూనియర్ వేసిన వరిచేల బొమ్మలు చూడండి, చేలగట్టు మీద నిలబడి వేసినవి.

పాత ఫోటోలు అడిగి తీసుకోండి, కానీ ఒకరికి తెలియకుండా ఇంకొకరి ముఖం వేయకండి. తుపాన్లలో ఆల్బమ్‌లు పోగొట్టుకున్న ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి, మిగిలిన ఒక ఫోటో వాళ్లకు చాలా ఎక్కువ. నేను ముఖాలు వేయను. వీపు, చేతులు, కుర్చీలో ఖాళీగా ఉన్న శాలువా వేస్తాను, ఎవరో వాళ్లకు తెలుస్తుంది.

కార్డు మీద రాసే మాట గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. కేజన్ల పూర్వీకులు అకేడియా నుంచి, అంటే ఇప్పటి కెనడాలోని నోవా స్కోషియా ప్రాంతం నుంచి, 1755 మొదలుకుని బ్రిటిష్‌వాళ్లు వెళ్లగొట్టిన ఫ్రెంచివాళ్లు. అకాడియన్ అన్న మాటే అరిగి కేజన్ అయింది. ఇక్కడికొచ్చాక నూటయాభై ఏళ్లపాటు నిలబెట్టుకున్న భాషకు 1921 రాజ్యాంగం దెబ్బకొట్టింది, బళ్లో ఇంగ్లీషు తప్ప వేరే చదువు లేదంది. ఫ్రెంచి మాట్లాడినందుకు శిక్షగా ఒకే వాక్యాన్ని వందలసార్లు రాసిన తరం ఇంకా బతికే ఉంది, మా మామా కూడా అందులో ఉంది. భాషను కాపాడ్డానికి రాష్ట్రం 1968లో కోడోఫిల్ అనే సంస్థ పెట్టేసరికి ఆవిడ తన పిల్లలకు ఫ్రెంచి నేర్పకుండానే పెంచేసింది. అందుకని ఇంగ్లీషును విరగ్గొట్టి రాసే నకిలీ కేజన్ యాస కార్డు మీద పెట్టకండి. టీషర్టుల మీద అమ్ముతారు, నవ్వుతారు కూడా, కానీ కొత్తకోడలి చేతి నుంచి అది రావడం వేరు.

'జ్వాయూ నోఎల్' అని రాయండి చాలు. రాసే ముందు పెద్దవాళ్లకు స్పెల్లింగ్ చూపించండి. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఇక్కడ ఊరిపేర్లలో, ఇంటిపేర్లలో 'ఓ' పలికే చోట 'ఇ-ఎ-యు-ఎక్స్' రాస్తారు. ఆ అలవాటులో నేను 'జ్వాయూ'లో లేని 'ఎ' చేర్చేశాను. లైనోలో అక్షరాలు తిరగేసి చెక్కాలి కదా, 'ఎన్' అక్షరం మాత్రం తిరగేయడం మర్చిపోయాను. అరవై కార్డులు అయ్యాక చూసింది మామా. తిట్టలేదు. పెన్ను తెచ్చి ఒక కార్డు మీద టీచరులా ఎర్ర సున్నా చుట్టింది. ఆ కార్డు మా ఫ్రిజ్ మీద ఉంది.

ఇప్పుడు ముగ్గు. ఒక ఏడాది ఉత్సాహం ఎక్కువై చుట్టూ మెలికల ముగ్గు అంచు, మధ్యలో ఓక్ చెట్టు, పసుపు కాగితం. మావారు చూసి "ముహూర్తం ఎన్నింటికి?" అన్నారు. అచ్చం శుభలేఖ. పక్కపక్కన పెడితే కలిసిపోతాయనుకోవడం నా పొరపాటు.

కుదిరింది ఒక్కటే, అది బెండకాయ. గంబో అనే మాటే పశ్చిమ, మధ్య ఆఫ్రికా భాషల్లో బెండకాయకున్న పేరు నుంచి వచ్చింది. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల వంట అది, ఇక్కడి ఆదివాసులైన చాక్టా తెగవాళ్ల ససఫ్రాస్ ఆకుపొడి అందులో చేరింది, ఫ్రెంచివాళ్ల రూ చేరింది. అడ్డంగా కోసిన బెండకాయను రంగులో అద్ది ఒత్తడం మనం చిన్నప్పుడు బళ్లో చేసినదే. ఐదు రేకుల నక్షత్రం పడుతుంది. అకేడియానా, అంటే దక్షిణ లూసియానాలోని కేజన్ ప్రాంతం, దాని జెండాలో తెల్లటి మీద బంగారు నక్షత్రం ఒకటుంది, అకాడియన్ల పోషక పునీతురాలు మేరీమాతకు గుర్తు. అందుకని బంగారు రంగులో బెండకాయ నక్షత్రాలు, చీకటి నీలం కాగితం, కింద చిన్న గంబో గిన్నె వేశాను. మీ ఇల్లూ వాళ్ల ఇల్లూ అందులో ఉంటాయి, ఎవరూ ఎవరి పక్కనా అతికించినట్టు ఉండరు. ఒక్క హెచ్చరిక: బెండకాయ వేసవి పంట, క్రిస్మస్ గంబోలో చాలా ఇళ్లలో కోడి, సాసేజ్ వేస్తారు. మీ అత్తగారు అడిగితే ఫ్రీజర్‌లో దాచిన బెండకాయ అని చెప్పండి, ప్రతి ఇంటి ఫ్రీజర్‌లోనూ ఉంటుంది.

టైము సంగతి. ఇక్కడి తేమకి నూనె రంగు సిరా ఒక పూత ఆరడానికి మా ఇంట్లో నాలుగైదు రోజులు పడుతుంది. రెండు రంగులయితే థాంక్స్‌గివింగ్ లోపు మొదటి పూత అయిపోవాలి. నలభై కావాలంటే యాభై వేయండి. ఆలస్యమైపోతే టెన్షన్ పడకండి, జనవరి ఒకటికి పంపండి. పాతకాలంలో ఇక్కడి ఫ్రెంచి ఇళ్లలో పిల్లలకు కానుకలిచ్చే పెద్ద రోజు అదే. ఆ రోజు క్యాబేజీ, బొబ్బర్లు తింటారు, క్యాబేజీ డబ్బుకి, బొబ్బర్లు అదృష్టానికి. క్యాబేజీని నిలువునా కోసి చూడండి, లైనోకి అంతకన్నా మంచి గీతలు దొరకవు.

కవర్లో ఒక చిన్న కొసరు కూడా పెట్టండి, బెండకాయ నక్షత్రం ఒత్తిన చీటీ అయినా సరే. కొసరుకి వాళ్లకూ సొంత మాట ఉంది, లాన్యాప్ అంటారు. మీ అత్తగారిది ఏ ఊరో రాయండి, గంబో గిన్నె ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో కనుక్కుని అది కూడా. అప్పుడు ఏం వేయొచ్చో ఇంకొంచెం సరిగ్గా చెప్పగలను.